కురవని వానకు వేసిన ఒట్టు

ఖిదిర్‌పూర్, కలకత్తా
శ్రావణ మాసం, వాన కాస్త తెరిపిచ్చిన మధ్యాహ్నం

మా అన్నయ్యకు, నీ చెల్లెలు నాగమణి రెండు చేతులూ జోడించి రాస్తున్నది.

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. చిట్టి బాగుంది, వాళ్ల నాన్న బాగున్నారు, నేనూ బాగున్నాను. అక్కడ నువ్వు, వదిన, పిల్లలు, పెద్దమ్మ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వానాకాలం కదా, పెద్దమ్మ మోకాళ్లు సతాయిస్తున్నాయా? ఆవిడ మోకాళ్లకు టీవీ వాళ్లకంటే ముందే వాన కబురు అందుతుంది. ఆముదం కాచి రాయమని వదినకు చెప్పు. వేడి ఎక్కువైతే బొబ్బలెక్కుతాయి, చూసుకోమను.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటున్నావు కదూ? ఏం చెయ్యను మరి, నువ్వు ఫోన్ ఎత్తవు. జ్యేష్ఠం నుంచి ఇదే వరస. వదిన ఎత్తుతుంది, పిల్లలు ఎత్తుతారు, పెద్దమ్మ కూడా చెవి వినపడకపోయినా "ఎవుల్రా" అంటూ ఎత్తుతుంది. నువ్వు మాత్రం నా పేరు వింటే వల భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోతున్నావట. "దాని ఫోను నాకివ్వకు. మల్లీ ఏటో ఒకటి మీద ఒట్టేసీగల్దు" అన్నావట. వదిన చెప్పి ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నవ్వి, తర్వాత ఏడ్చాను. ఉత్తరంలోంచి ఒట్టు వెయ్యలేను కదా అన్నయ్యా, కాబట్టి భయపడకుండా చివరిదాకా చదువు. నీతో చెప్పాల్సింది ఒకటుంది. అది వదినతో కూడా చెప్పలేదు.

ముందు ఇక్కడి కబుర్లు చెబుతాను. పాప వాళ్ల నాన్నకు ఓడల రేవులో, డాకులో పని బాగానే ఉంది. క్రేన్ కింద నిలబడి సరుకుకు గొలుసులు తగిలించే పనే ఇంకా. వానకు తడిసి వస్తారు, ఎండకు మాడి వస్తారు, ఎలా వచ్చినా ముందు టీ అడుగుతారు. నేను ఇంట్లోనే పిల్లల గౌన్లకు గుండీలు కుడుతున్నాను. మెటియాబ్రుజ్ నుంచి కుట్టిన గౌన్లు మూటలుగా వస్తాయి. పైఅంతస్తులో ఉండే రుక్సానా దీదీ వాళ్లాయన సలీం భాయి దర్జీ, ఆయనే ఈ పని ఇప్పించాడు. వీళ్లు లేకపోతే ఈ ఊళ్లో నేను ఒక్క వానాకాలం కూడా నిలబడేదాన్ని కాదు. ఇది నువ్వు గుర్తు పెట్టుకో, ముందు ముందు మళ్లీ చెబుతాను.

తిండికి లోటు లేదు. ఆవనూనె వాసన మొదట్లో కడుపులో తిప్పేది, ఇప్పుడు ఆ వాసన లేకపోతే చేపల కూరలా అనిపించడం లేదు. ఇది పెద్దమ్మకు చెప్పకు, నన్ను ఇంట్లోకి రానివ్వదు. నీకొక తమాషా చెప్పనా? ఇక్కడ పొలస చేపను ఇలిష్ అంటారు. మంచు పొడిలా సన్నగా, పడీపడనట్టు పడే జల్లుకు కూడా ఆ చేప పేరే పెట్టుకున్నారు, ఇల్షేగుడి అని. ఆ జల్లు పడితే చేప గుంపులుగా నదిలోకి ఎక్కుతుందట. వాన పేరులోనే చేపను ఇరికించుకున్న మనుషుల్ని చూసి, అబ్బ, వీళ్లు మనవాళ్లే అనుకున్నాను.

ఎండాకాలం మాత్రం మనలాంటిది కాదు. మన దగ్గర ఎంత కాసినా సాయంత్రానికి సముద్రపు గాలి వచ్చేస్తుంది. ఇక్కడ గాలి ఎక్కడికో ఊరెళ్లిపోతుంది. ఆవిరి పట్టిన ఇడ్లీపాత్రలో కూర్చున్నట్టు ఉంటుంది. కూర్చుంటే చెమట, లేస్తే చెమట, స్నానం చేసి తుడుచుకుంటుంటే చెమట. అందరూ "భాప్సా గొరోమ్, భాప్సా గొరోమ్" అని, అంటే ఉక్కపోత అని, ఆపసోపాలు పడుతుంటారు. కూరల బండివాడి దగ్గరా అదే మాట, రేషన్ షాపులోనూ అదే మాట. ఈ ఊళ్లో మనుషులకు వాన, ఎండ, చలి గురించి మాట్లాడకపోతే తిన్నది అరగదు. చలికాలం కాస్త మంచు దిగిందంటే చాలు, మెడ దాకా ఉన్ని టోపీలు లాగేసుకుంటారు. మన పెద్దమ్మ అయితే దిష్టిబొమ్మలనుకుంటుంది.

ఆ ఉక్కలోంచి ఉన్నట్టుండి కాల్‌బైశాఖి లేస్తుంది. వైశాఖం గాలివాన అన్నమాట. వచ్చిన కొత్తలో ఏమైందో తెలుసా? టీవీలో సాయంత్రం గాలివాన అన్నారని రుక్సానా దీదీ చెప్పింది. నేను మేడెక్కి మన అలవాటు కొద్దీ తూర్పుకేసి చూశాను. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. "గాలీ లేదు, వానా లేదు దీదీ, నేను సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని" అని గొప్పలు పోతూ బట్టలు ఆరేస్తున్నాను. అది నా వీపు వెనక నుంచి, వాయవ్యం మూల నుంచి వచ్చిపడింది. నా చీర ఒకటి ఎవరి మేడ మీదికి పోయిందో ఇప్పటికీ తెలియదు. దీదీ నవ్వలేక చచ్చింది. గాలివాన అంటే సముద్రం వైపు నుంచే రావాలని మనకు ఎవరు చెప్పారు అన్నయ్యా? ఎవరూ చెప్పలేదు. మనం పుట్టినప్పటి నుంచి అటే చూశాం, అంతే.

ఆ రోజు నుంచి నాకు వాన కబుర్లంటే పిచ్చి పట్టింది. దీదీ టీవీలో పసుపు, నారింజ, ఎరుపు రంగులు వేసి జిల్లాలు చూపిస్తుంటే గుండీ కుట్టడం ఆపి మరీ చూస్తాను. మా ఆయన డాకు నుంచి రాగానే "ఈరోజు రేవులో ఏ నంబరు ప్రమాద జెండా ఎగరేశారు" అని అడుగుతాను. "ఏటే, నన్ను కాదు, నంబర్ని పెల్లి సేసుకున్నావేటి" అని విసుక్కుంటారు. అవన్నీ ఎవరి కోసమో నీకు వేరే చెప్పాలా? నువ్వు సముద్రం మీద ఉంటావు. నాకు ఇంకెవరున్నారు?

ఇక అసలు సంగతి. వేట నిషేధం అయిపోయి బోట్లన్నీ దిగే రోజుకు ముందటి సాయంత్రం. మా ఆయన డాకు నుంచి ఫోన్ చేసి, మూడో నంబరు ఎగరేశారు, పెద్ద గాలివాన వస్తోంది, క్రేన్లు కట్టేసి ఇక్కడే ఉండాలి, ఇంటికి రాను అన్నారు. మూడో నంబరు అనగానే నాకు నువ్వే గుర్తొచ్చావు. మన దగ్గర నంబరు ఎగరేశారంటే బోటు ముట్టుకోరు కదా. చిన్నప్పటి నుంచి మనకు ఒకటే సముద్రం, ఒకటే జెండా కర్ర. ఇక్కడి జెండా ఇక్కడి నది మూతికీ, ఈ తీరానికేనని, మీ తీరానికి వేరే చెబుతారని నా బుర్రకు తట్టనే లేదు. వెంటనే నీకు ఫోన్ చేశాను.

"దిగకు అన్నియ్యా" అన్నాను. నువ్వు నవ్వావు. "ఇక్కడ ఆకు కదల్నేదు నాగమణీ. ఒడ్డున అందరూ బోట్లకి పసుపూ కుంకం ఎడతన్నారు. ఏటి నీ గోల?" అన్నావు. నేను బతిమాలాను, నువ్వు మాట మార్చావు. చిట్టికి ఏం చేప ఇష్టమో అడిగావు. అప్పుడు నాకు కోపం, భయం కలిసి వచ్చి, నోటికొచ్చిన మాట అనేశాను. "నాను మల్లీ ఫోన్ సేసి సెప్పీదాకా నువ్వు నీటిలో కాలెట్టకు. చిట్టి మీద ఒట్టు!" అని. నువ్వు టక్కున ఫోన్ పెట్టేశావు.

మర్నాడు ఇక్కడ వాన మొదలైంది. గాలి తలుపుల్ని గుంజుతోంది. మధ్యాహ్నానికి నదికి పోటు వచ్చింది. పోటు వేళ నది నీళ్లు ఊళ్లోకి రాకుండా మురికి కాలవల గేట్లు మూసేస్తారు. దాంతో ఊళ్లో పడిన వాన ఊళ్లోనే ఉండిపోయింది. మా గది కింద అంతస్తులో కదా, గడప దాటి నీళ్లొచ్చాయి. బియ్యం మూట ఎత్తాను, గౌన్ల మూట ఎత్తాను, దేవుడి పటం ఎత్తాను. ఆ హడావుడిలో నా ఫోన్ నీళ్లలో పడిపోయింది. వదినకు నేను చెప్పింది ఇంతవరకే.

ఫోన్ పోయాక నీకు చెయ్యాలంటే నంబరు గుర్తు లేదు. ఈ రోజుల్లో ఎవరి నంబరు ఎవరికి నోటికొస్తుంది? మా ఆయన ఫోన్‌లో నీ పాత నంబరే ఉంది, ఆ ఫోన్ నువ్వు సముద్రంలో పడేసుకున్నావు కదా. నిజం చెబుతున్నాను అన్నయ్యా, నేను పెద్దగా కంగారు కూడా పడలేదు. గది కడుక్కోవడం, తడిసిన గౌన్లు ఉతికి ఆరబెట్టడం, చిట్టికి జలుబు, ఇవే సరిపోయాయి. ఎండ కాస్తుంటే ఆకాశం చూసి దిగిపోయే ఉంటాడులే అనుకున్నాను. ఒట్టు వేసినదాన్ని, నేనే మరిచిపోయాను.

బజార్లో ఫోన్ బాగుచేసి ఇచ్చారు. అది వెలిగిందో లేదో, వదిన ఫోన్.

"ఏటమ్మా నాగమణీ, ఏటైపోనావు? మీ అన్నియ్య గట్టు మీదే కూకున్నాడు. ఊరోల్లందరూ ఎల్లి వచ్చీసినారు, బోట్ల నిండా రొయ్యలు, కోనాములు. ఈయన్తో దిగీవోలు పక్క బోటెక్కి ఎలిపోనారు. 'నాను దిగను, చిట్టి గుంట మీద ఒట్టేసింది, అది తీసీదాకా దిగను' అనేసి పొద్దున్న లెగిసి ఒడ్డుకెల్తాడు, సాయంత్రం దాకా వల బాగుసేసుకుంటాడు, వచ్చీస్తాడు. ఎండ మాడ్సీస్తంది, మబ్బు ముక్క నేదు. అందరూ 'ఏటి రాజారావు, కలకత్తా వానకి ఇక్కడ గొడుగేసినావు' అని నవ్వతన్నారు."

నేను "స్పీకర్లో పెట్టు వదినా" అని అరిచాను. "అన్నియ్యా, ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను, ఎల్లు, ఎల్లు" అని వీధంతా వినపడేలా అరిచాను. అటు నుంచి నువ్వు వల ఎత్తుకున్న చప్పుడు మాత్రం వినపడింది. అప్పటికి మంచి వేట రోజులన్నీ అయిపోయాయని వదిన తర్వాత చెప్పింది.

నీ కోపం న్యాయమైనదే. కానీ ఇంకో మాట కూడా అన్నావట, "ఇంక అది సెప్పిన వాన కబురు నాను ఇనను" అని. అది విన్నప్పటి నుంచి నాకు సరిగ్గా అన్నం దిగడం లేదు. ఆశ్వయుజం, కార్తీకం వస్తున్నాయి. అప్పుడు మన తీరానికి వచ్చేవి నిజం తుపాన్లే. అప్పుడు నేను ఫోన్ చేస్తే, నువ్వు ఎత్తకుండా బోటెక్కితే? నా మీద కోపం నా మీదే ఉంచుకో అన్నయ్యా. నన్ను తిట్టు, రాఖీ పంపిస్తే వెనక్కి పంపించు. వాన కబురు మీద మాత్రం కోపం పెట్టుకోకు. ఇకనుంచి నేను అడిగి, ఏ తీరానికి చెప్పారో కనుక్కుని మరీ చెబుతాను. దీదీ మేనల్లుడు ఫోన్‌లో మన జిల్లా వాతావరణం తెలుగులో ఎలా వస్తుందో చూపించాడు. రోజూ పొద్దున్న అదే చూస్తున్నాను. ఇవాళ మీ దగ్గర మబ్బు, అక్కడక్కడ జల్లులు. నిజమేనా?

ఇక వదినకు చెప్పని మాట. కూర్చుని చదువు.

ఫోన్ నీళ్లలో ఊరికే పడలేదు. ఆ మధ్యాహ్నం నీకు ఫోన్ చేద్దామనే అనుకున్నాను, అక్కడ ఎలా ఉందో అడుగుదామని. బ్యాటరీ అయిపోయింది. గోడ దగ్గర నుంచి వైరు బోర్డు లాగి, మంచం పక్క స్టూలు మీద పెట్టి, ఫోన్ చార్జింగ్‌కు తగిలించాను. తర్వాత నీళ్లొచ్చాయి. చిట్టిని మంచం మీద కూర్చోబెట్టి, దిగితే కాళ్లు విరగ్గొడతానని చెప్పి మూటలు ఎత్తుతున్నాను. నీళ్లకు స్టూలు తేలి పక్కకు ఒరిగింది. బోర్డు, ఫోన్, అన్నీ బుడుంగున నీళ్లలో పడ్డాయి. నీతో మాట్లాడే ఫోన్ కదా, "మావయ్య ఫోను!" అంటూ చిట్టి మంచం మీద నుంచి ఆ నీళ్లలోకి ఒక్క దూకు దూకింది.

అన్నయ్యా, ఈ ఊళ్లో వానకు చచ్చిపోయేవాళ్లలో సగంమంది మునిగి చావరు. నీళ్లలో కరెంటు పారి చచ్చిపోతారు. నేను వచ్చిన మొదటి వానాకాలంలోనే దీదీ నాకు చెప్పింది, నీళ్లు నిలిస్తే స్తంభం ముట్టుకోకు, స్విచ్చి ముట్టుకోకు అని. నాకు తెలిసి కూడా ఆ బోర్డు అక్కడ పెట్టాను. అది దూకడం చూశాను. నా పని అయిపోయింది అనుకున్నాను.

అది మోకాళ్ల లోతు నీళ్లలో వంగి, బోర్డుకు తగిలించిన వైరుతో సహా ఫోన్ పైకెత్తి, "అమ్మా, తడిసిపోనాదే" అంది.

అప్పుడే పైనుంచి సలీం భాయి మెట్లు దిగుతూ అరుస్తున్నాడు. పొద్దుటి నుంచి కరెంటు వాళ్లకు ఫోన్ మీద ఫోన్ చేసి, గల్లీలో నీళ్లు నిలిచాయి, పిల్లలున్నారు, లైను తీసెయ్యండని ప్రాణం తీశాడట. "లైన్ కాట్ దియా, అభీ అభీ కాటా, భాభీ" అంటున్నాడు, ఇప్పుడే లైను తీసేశారని. పగలు కదా, దీపం లేదు, గాలివానకు ఫ్యాను లేదు, కరెంటు పోయినట్టు నాకు తెలియలేదు. దీదీ వచ్చి పిల్లను చంకనేసుకుని పైకి పట్టుకుపోయింది. నేను ఆ నీళ్లలోంచి వాళ్ల వెనకే మెట్లెక్కాను. తర్వాత దీదీ వేడివేడి ఖిచుడి నోట్లో పెడితే మింగాను. ఆ భార్యాభర్తలకు ఏమిచ్చి రుణం తీర్చుకుంటాను? నువ్వు ఈసారి ఎండు నెత్తళ్లు పంపిస్తే వాళ్ల కోసం వేరే పొట్లం కట్టించు. వాళ్లకు ఎండు చేప వాసన ఇష్టమే.

మా ఆయనకు చెబితే, సమయానికి లైను తీశారు, దేవుడి దయ అన్నారు. నిజమే. సలీం భాయి దయ, కరెంటు వాళ్ల దయ, దేవుడి దయ. నేను ఎవరికీ తక్కువ దండం పెట్టలేదు. కానీ వదిన ఫోన్ చేసి, నువ్వు ఏ రోజు నుంచి గట్టు మీద కూర్చున్నావో చెప్పినప్పుడు, వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. నీ వాళ్లందరూ పసుపు పూసిన బోట్లెక్కి వెళ్లిపోయిన రోజు, నువ్వొక్కడివే ఎండలో వల ముందేసుకుని ఒడ్డున కూర్చున్న రోజు, అదే రోజు మధ్యాహ్నం నా కూతురు ఆ నీళ్లలోకి దూకింది. దాని మీద ఒట్టుంది. నువ్వు నీటిలో కాలు పెట్టలేదు.

చదువుకున్నదానివి, ఇదేం పిచ్చి నమ్మకం అని ఎవరైనా నవ్వనీ. ఊరు నిన్ను చూసి నవ్వింది, ఇప్పుడు నన్ను చూసి కూడా నవ్వనీ. నువ్వు ఊరికే కూర్చున్నానని మాత్రం అనుకోకు అన్నయ్యా. అక్కడ కురవని వాన ఇక్కడ కురిసింది. నా బిడ్డ తడిసి లేచి వచ్చింది.

పెద్దమ్మకు నా దండాలు, వదినకు ప్రేమ, పిల్లలకు ముద్దులు. చిట్టి నెత్తి మీద నువ్వు చెయ్యి పెట్టినట్టు తలుచుకుని ఒక్కసారి దీవించు. ఇది ఇప్పుడు నా పక్కనే ఉంది. మావయ్యకు ఏం రాయమంటావే అంటే, ఫోను ఎత్తమని రాయి అంటోంది.

నువ్వు నిలబెట్టిన ఒట్టు మీద బతికిన పిల్లకు తల్లి,
నీ చెల్లెలు
నాగమణి